ఆరో నంబరు తలుపు

మే నెల రెండో వారం, శనివారం. మామిడికాయలతను గుమ్మంలో నిలబడి, "సోమవారం పొద్దున్నే యాభై కాయలు తెస్తానమ్మా, పుల్లటివి, పీచున్నవి. కత్తి నేనే తెచ్చుకుని ముక్కలు కొట్టిపెడతాను" అని మాటిచ్చి వెళ్లాడు. ఆ సాయంత్రమే మా ఇంట్లో కంప్యూటర్ ఆగిపోయింది. ఆవకాయకీ కంప్యూటర్‌కీ ఏమిటి సంబంధం అంటారా? ఉంది. ఆ సంబంధం మా అమ్మ.

ఇది 2013 నాటి సంగతి. మాది తెనాలి. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఉత్పలమాలకి గణాలు చెప్పమంటే నిద్రలో లేపినా చెబుతాను గానీ, కంప్యూటర్ విషయంలో నా పాండిత్యం మార్కుల జాబితా టైపు చేసుకోవడం వరకే. అమ్మ 2012 జనవరిలో పోయింది. అంతకు ముందు ఏడాది వేసవిలో మా అబ్బాయి, అప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, సెలవులకొచ్చి అమ్మమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, ముందు ఒక చిన్న మైకు పెట్టి, ఆమె చేత ఏవేవో చెప్పించి రికార్డు చేశాడు. ఆవకాయ, మాగాయ కొలతలు. తాతయ్య రంగూన్ వెళ్లొచ్చిన కథ. దివిసీమ ఉప్పెన నాటి రాత్రి. మొత్తం పదకొండు రికార్డులు.

అమ్మ పోయాక వాటిని వినే ధైర్యం నాకు లేకపోయింది. ఆ ఏడు ఆవకాయ అంచనా మీదే పెట్టాను. "ఉప్పూ కారం సమానంగా వెయ్యవే" అని మా అక్క గుంటూరు నుంచి ఫోన్లో గోల. "కాదు, అమ్మ ఉప్పు తగ్గించే వేసేది" అని నేను. నా మాటే నెగ్గించుకున్నాను. శ్రావణమాసం వచ్చేసరికి జాడీలో బూజు. అక్క ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ. అందుకే ఈసారి కాయలు ఇంటికి రాకముందే రికార్డు వినాలని గట్టిగా అనుకున్నాను.

ఆ పదకొండు రికార్డులూ ఉన్నది ఒకే ఒక్క చోట, మా ఇంటి కంప్యూటర్లో. అందులోనూ లినక్స్ ఉన్న భాగంలో.

లినక్స్ అంటే తెలియనివారి కోసం ఒక్క మాట. విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపించే వ్యవస్థ. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. కొనక్కర్లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. కాలేజీ ల్యాబు పనుల కోసం అని మా అబ్బాయి ఉబుంటు అనే లినక్స్‌ని విండోస్ పక్కనే ఎక్కించాడు. కంప్యూటర్ ఆన్ చేస్తే ముందు ఒక పట్టిక వచ్చేది. పైన ఉబుంటు, అట్టడుగున విండోస్. పది సెకన్లలో ఏదో ఒకటి ఎంచుకోకపోతే తనంతట తానే లినక్స్‌లోకి వెళ్లిపోయేది. మావారు పవర్ బటన్ నొక్కి, చేతిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి, కింది బాణం మీద వేలేసి సిద్ధంగా కూర్చునేవారు. ఆ పది సెకన్లూ ఆయన బ్యాంకు నగదు లెక్కల్లో కూడా చూపించనంత ఏకాగ్రత చూపించేవారు.

ఆ శనివారం పట్టిక రాలేదు. నల్లటి తెర. దాని మీద తెల్లగా ఒక ముక్క ఇంగ్లీషు: ఎర్రర్, అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్. దాని కింద గ్రబ్ రెస్క్యూ. పక్కన రెప్పలార్పుతున్నట్టు చిన్న గీత. అంతే. ఇటు లినక్సూ లేదు, అటు విండోసూ లేదు.

"ఏం చేశారండీ?" అన్నాను.

"నేనేం చేశాను? సి డ్రైవ్ నిండిపోయి ఎర్రగా అయింది. డి డ్రైవ్ ఊరికే ఖాళీగా ఉంది కదా అని అందులోవి పెన్‌డ్రైవ్‌లోకి తీసి, దాన్ని తీసేశాను. ఆ చోటు సి డ్రైవ్‌కి కలుపుదామని. కలవలేదనుకో. అయినా అప్పుడేం కాలేదే! ఆపి, మళ్లీ ఆన్ చేస్తే ఇలా అయింది."

మర్నాడు ఆదివారం. పెట్టెను ఆటోలో పెట్టుకుని, ఒడిలో పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని రిపేరు షాపుకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు ఆన్ చేసి, తెర చూసి, మూడు సెకన్లలో తేల్చేశాడు. "ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్. విండోస్ ఫ్రెష్‌గా వేసి సాయంత్రానికి ఇచ్చేస్తాను."

"మరి లోపల ఉన్నవి?"

"అవి పోతాయి మేడమ్. లినక్స్ కదా, అది ఎలాగూ క్రాష్ అయిపోయింది."

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతనికి రోజుకు ఇరవై పెట్టెలు వస్తాయి. ప్రతి పెట్టెలోనూ ఒక అమ్మ గొంతు ఉంటుందేమోనని ఆలోచిస్తూ కూర్చుంటే షాపు అద్దె గిట్టదు. కానీ నాకెందుకో ఆ 'ఎలాగూ' అన్న మాట నచ్చలేదు. "ఆలోచించుకుని వస్తాను బాబూ" అని చెప్పి అదే ఆటోలో వెనక్కి తెచ్చేశాను. ఇప్పటికీ తలుచుకుంటే, నా జీవితంలో నేను చేసిన తెలివైన పనులు ఓ నాలుగుంటే అందులో ఇదొకటి.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకి బెంగళూరుకి ఫోన్ చేశాను. మావాడు ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది. నేను తెర మీద అక్షరాలు చదివి వినిపించగానే వాడు అడిగిన మొదటి మాట, "అమ్మా, షాపులో ఫార్మాట్ చేయించలేదు కదా?"

"లేదురా."

"హమ్మయ్య. అయితే ఏమీ పోలేదు. నువ్వు కూర్చో. అరగంట పని."

గంటా ముప్పావు పట్టింది. ఆ గంటా ముప్పావులో వాడు నాకు చెప్పింది, నేను మళ్లీ మళ్లీ అడిగి అర్థం చేసుకున్నది ఇక్కడ నా భాషలో చెబుతాను. సాంకేతిక నిపుణులు పెద్ద మనసు చేసుకోవాలి.

పవర్ బటన్ నొక్కినప్పుడు కంప్యూటర్‌కి తనలో విండోస్ ఉందో లినక్స్ ఉందో ఏమీ తెలియదు. మదర్‌బోర్డు మీద బయాస్ అనే చిన్న కార్యక్రమం ఒకటి మేలుకుని, మెమొరీ ఉందా, కీబోర్డు ఉందా అని చూసుకుని, హార్డ్‌డిస్క్ మొట్టమొదటి గడిలో ఏం రాసుందో చదువుతుంది. ఆ గడి మొత్తం 512 బైట్లు. అందులో 64 బైట్లు డిస్కులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టికకి, రెండు బైట్లు సంతకానికి పోతాయి. అసలు పని చెప్పడానికి మిగిలేది 446 బైట్లు. ఇప్పటి కంప్యూటర్లలో తెలుగు రాస్తే ఒక్కో గుర్తుకు మామూలుగా మూడు బైట్లు పడుతుంది. గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్క. అంటే ఆ చోటులో నూట యాభై గుర్తులు కూడా పట్టవు. పోస్టుకార్డు మీద రెండు మూడు వాక్యాలు! అందులో ఎంతని రాస్తారు? 'పక్క గడుల్లో మావాడున్నాడు, వాణ్ని లేపు' అని రాస్తారు. వాడు లేచి, లినక్స్ ఉన్న ఇంటికెళ్లి, పట్టిక తెచ్చి మన ముందు పెడతాడు. ఇలా ఒకణ్ని ఒకడు లేపుకుంటూ వచ్చే బృందం పేరే గ్రబ్, అంటే గ్రాండ్ యూనిఫైడ్ బూట్‌లోడర్. 1995లో ఎరిక్ బోలిన్ అనే ఆయన మొదలుపెట్టాడు.

గ్రబ్ బాగా వాడుకలోకి రాకముందు లినక్స్ వాళ్లకి లిలో అని ఉండేదట. ఎల్, ఐ, ఎల్, ఓ అని తన పేరులో అక్షరాలు ఒక్కో మెట్టు దాటగానే ఒక్కొక్కటిగా తెర మీద వేసేదట. మధ్యలో ఏ అక్షరం దగ్గర ఆగిపోతే జబ్బు ఆ మెట్టు మీద ఉన్నట్టు. ఇది విని నేను ముచ్చటపడ్డాను. పిల్లలు పద్యం అప్పజెబుతూ ఎక్కడ ఆగుతారో చూసి, వీడు ఏ పాదం చదవలేదో నేను కనిపెడతాను. అదీ అంతే.

మరి మా ఇంట్లో గ్రబ్ ఎక్కడ ఆగింది? ఇక్కడ మా వీధి కథ ఒకటి చెప్పాలి. ఒకప్పుడు మున్సిపాలిటీ వాళ్లు మా వీధిలో డోర్ నంబర్లు మార్చారు. కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్ పాత నంబరు ఉన్న ఉత్తరాలన్నీ పట్టుకెళ్లి పక్కనున్న సిమెంటు గోడౌన్‌లో వేసేవాడు. మేం ఇల్లు మారలేదు. ఇల్లు ఉన్నచోటే ఉంది. మారింది గోడ మీద అంకె.

మా డిస్కులోనూ అదే జరిగింది. డి డ్రైవ్ ఐదో నంబరు. లినక్స్ ఆరు. దాని వెనక స్వాప్ అని లినక్స్‌కి సామాన్ల కొట్టులాంటి చోటు ఏడు. ఐదు నుంచి మొదలయ్యే ఈ భాగాల నంబర్లు వరస నంబర్లు. మధ్యలో ఒకటి తీసేస్తే వెనకున్నవన్నీ ఒక్కో అంకె ముందుకు జరుగుతాయి. మావారు ఐదుని తీసేశారు. లినక్స్ ఐదయింది, సామాన్ల కొట్టు ఆరయింది. పాపం గ్రబ్‌కి ఈ సంగతి ఎవరు చెప్పారు? ఎప్పట్లాగే ఆరో నంబరు తలుపు తట్టింది. లోపల చూస్తే దానికి తెలిసిన ఇల్లు కాదు. 'అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్' అని గుమ్మంలోనే నిలబడిపోయింది. విండోస్‌కి దారి చూపించేది కూడా అదే కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది. ఇంతా చేసి, మావారు తీసేసిన చోటు సి డ్రైవ్‌కి ఎందుకు కలవలేదంటే, డిస్కులో ఆ రెండూ వేర్వేరు ప్రహరీల్లో ఉన్నాయట. ఒకరి పెరడు తవ్వి ఇంకొకరి వాకిలి పెంచలేం కదా.

ఇక ఆ రాత్రి సంగతి. నేను కీబోర్డు ముందు, ఫోన్ స్పీకర్‌లో మా అబ్బాయి. ఎదురుగా నేల మీద కూర్చుని మావారు ఆవకాయకి వెల్లుల్లి రేకలు ఒలుస్తున్నారు. ఎవరూ చెప్పలేదు, తనంతట తానే కూర్చున్నారు. ప్రాయశ్చిత్తం.

"అమ్మా, ఎల్ ఎస్ అని కొట్టి ఎంటర్ నొక్కు."

కొట్టాను. అన్‌నోన్ కమాండ్ అంది. రెండు అక్షరాల మధ్య ఖాళీ వదిలానట. రెండోసారి సరిగ్గా కొడితే బ్రాకెట్లలో కొన్ని పేర్లు వచ్చాయి. హెచ్‌డి సున్నా, కామా, ఎంఎస్‌డాస్ ఆరు. అలాగే ఐదు. అలాగే ఒకటి. అవే డోర్ నంబర్లు.

"ఇప్పుడు ఒక్కో తలుపూ తడదాం. ముందు ఆరు."

ఆరు తడితే మళ్లీ అదే తిట్టు. ఐదు తడితే జాబితా వచ్చింది. బిన్, బూట్, ఈటీసీ, హోమ్...

"హోమ్ ఉందా?" వాడి గొంతులో అప్పటిదాకా లేని తొందర.

"ఉంది."

"దాని లోపలికి వెళ్దాం. నేను చెప్పినట్టు మొత్తం కొట్టు. గీతలు మరిచిపోకు."

ఆ గీతలతోనే వచ్చింది కష్టం. ఒకసారి ఏటవాలు గీత అటువైపుది కొట్టాను, ఒకసారి అసలు కొట్టలేదు. ఆ నల్ల తెర దయలేని పరీక్షాధికారి. ఒక్క అక్షరం తేడా వస్తే సున్నా మార్కులు. నేను కూడా పిల్లలకి వత్తు పోతే మార్కు కోసేదాన్ని. ఆ తర్వాత కొంచెం తగ్గించాను లెండి.

నాలుగో ప్రయత్నంలో పేర్లు వచ్చాయి, ఇంగ్లీషు అక్షరాల్లో. అమ్మమ్మ ఆవకాయ ఒకటి. అమ్మమ్మ ఆవకాయ రెండు. అమ్మమ్మ మాగాయ. అమ్మమ్మ రంగూన్. అమ్మమ్మ ఉప్పెన. నేను లెక్కపెట్టాను. పదకొండు. కంప్యూటర్ ఇంకా లేవనే లేదు, పట్టిక లేదు, బొమ్మ లేదు. ఆ చీకట్లో అవి మాత్రం వరసగా ఉన్నాయి.

"అమ్మా? ఉన్నావా?"

"ఉన్నాను" అన్నాను. వెల్లుల్లి ఘాటుకి కళ్లు మండుతున్నాయని మావారితో చెప్పాను. ఆయన నమ్మినట్టే తలూపారు.

తర్వాత పని త్వరగానే అయింది. ప్రిఫిక్స్ అనే దానికి ఐదో నంబరు ఇంట్లో బూట్, అందులో గ్రబ్ అని చిరునామా రాయించాడు. రూట్ అనే దానికీ ఐదో నంబరే రాయించాడు. ఆపైన ఇన్స్‌మాడ్ నార్మల్ అని ఒక లైను, నార్మల్ అని ఒక లైను. ఎంటర్ కొట్టగానే ఆ పాత పట్టిక, పైన ఉబుంటు, అట్టడుగున విండోస్, ఏమీ జరగనట్టు వచ్చి కూర్చుంది. మావారు అలవాటు ప్రకారం కింది బాణం మీదకి చెయ్యి చాపారు. నేను పట్టుకుని ఆపాను.

ఉబుంటులోకి వెళ్లాక నేను సంబరపడుతుంటే, "ఇంకా అవలేదమ్మా" అన్నాడు. ఇది ఒక్కసారికి పోస్ట్‌మ్యాన్ చెయ్యి పట్టుకుని ఇల్లు చూపించడమేనట. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే పాత నంబరుకే పోతాడు. అతని పుస్తకంలో కొత్త నంబరు రాయాలి. కానీ దానికంటే ముందు ఇంకోటి చేయించాడు. "ఫస్ట్ ఆ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. రిపేరు తర్వాత." ఆ పద్ధతి నాకు నచ్చింది. ఇల్లు కాలుతుంటే ముందు పిల్లల్ని బయటికి తెస్తాం, తర్వాత కదా నీళ్లు.

కాపీ అయ్యాక టెర్మినల్ తెరిచి, సుడో, గ్రబ్ ఇన్‌స్టాల్, డెవ్ ఎస్‌డిఏ అని కొట్టించాడు. "ఎస్‌డిఏ తర్వాత ఏ అంకే పెట్టకు" అని రెండుసార్లు హెచ్చరించాడు. అంకె పెడితే ఏదో ఒక గదికి చెప్పినట్టట. పెట్టకపోతే మొత్తం డిస్కుకి, అంటే వీధి మొదట్లో ఉన్న ఆ మొదటి గడికి చెప్పినట్టు. అప్పుడది పాస్‌వర్డ్ అడిగింది.

"నీ పాస్‌వర్డ్ నాకేం తెలుసురా?"

"నా ఇంటర్ హాల్ టికెట్ నంబరు."

వాడు నంబరు చెప్పబోయాడు. అవసరం లేదన్నాను. ఫలితాలొచ్చిన రోజు ఆ నంబరు ఎన్నిసార్లు కొట్టి చూశానో నా వేళ్లకి తెలుసు. కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడలేదు. కీబోర్డు చచ్చిపోయిందనుకుని కంగారుపడ్డాను. లినక్స్‌లో అంతేనట, పక్కనున్నవాళ్లకి ఎన్ని అక్షరాలో కూడా తెలియనివ్వదు. ఎంటర్ కొట్టాను. కాసేపటికి, ఇన్‌స్టలేషన్ పూర్తయింది, తప్పులేమీ లేవు అని ఇంగ్లీషులో వచ్చింది. అప్‌డేట్ గ్రబ్ అని ఇంకో మాట కొట్టించాడు. విండోస్‌ని కూడా వెతికి పట్టుకుని పట్టికలో రాసుకుంది. ఆపి, ఆన్ చేశాం. వచ్చింది. ఇంకోసారి. వచ్చింది. మూడోసారి మావారు చేశారు.

ఇప్పుడు మా ఇంట్లో ఆ పెట్టె లేదు. కొత్త ల్యాప్‌టాపుల్లో ఆ 446 బైట్ల ఇరుకు కూడా లేదంటాడు మావాడు. బయాస్ బదులు యూఈఎఫ్ఐ అని వచ్చింది. బూట్‌లోడర్ కోసం డిస్కులో విడిగా ఒక గదే ఇచ్చారు. నంబర్లు కూడా ఇలా తమంతట తాము ముందుకు జరగవు. అయినా గుమ్మంలో ఆగిపోవడాలు ఆగలేదు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత, రెండూ పక్కపక్కన పెట్టుకున్న చాలామందికి లినక్స్ తెరుచుకోలేదు. సెక్యూర్ బూట్ అనే కాపలాదారు వాళ్ల పాత బూట్‌లోడర్‌ని లోపలికి రానివ్వలేదు. ఒక్కోసారి ఏమీ పాడవదు, ఎవరిని ముందు లేపాలనే వరస మాత్రం మారుతుంది. అలాంటప్పుడు ఆన్ చేస్తూనే ఎఫ్2 గానీ ఎఫ్12 గానీ, ఆ కంపెనీని బట్టి, నొక్కి వరసలో ఉబుంటుని పైకి తెస్తే చాలు.

మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే, 'ఫార్మాట్' అన్న మాటకి తలూపే ముందు ఒక్క పని చెయ్యండి. ఉబుంటుని ఇంకో కంప్యూటర్లో ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, మీ కంప్యూటర్‌ని దానితో ఆన్ చేయండి. అది ఇన్‌స్టాల్ చేయమంటుంది. వద్దు, 'ట్రై' అన్నది ఎంచుకోండి. మీ డిస్కుని ముట్టుకోకుండానే తెర వస్తుంది. అక్కడి నుంచి మీ డిస్కు తెరిచి చూడండి. ఫొటోలు, కాగితాలు అక్కడే ఉంటే బయటికి తీసుకోండి. తర్వాత తీరిగ్గా బాగుచేయించుకోవచ్చు. దానికి బూట్ రిపేర్ అనే సాధనం కూడా ఉంది. డిస్కే అరిగిపోయి కిర్రుమంటుంటే అది వేరే జబ్బు, ఎక్కువసేపు కదపకూడదు. కొత్త విండోస్ ల్యాప్‌టాపుల్లో డిస్కుకి తాళం వేసి ఉండొచ్చు. దాని రికవరీ కీ ఎక్కడుందో ముందే రాసిపెట్టుకోవాలి.

సోమవారం కాయలు వచ్చాయి. అతను వసారాలో గోనె పరిచి ముక్కలు కొడుతున్నాడు. నేను ఫోన్‌లో అక్కని స్పీకర్ మీద పెట్టి, ఆవకాయ రెండు అన్నది తెరిచాను. ముందు కాసేపు ఫ్యాన్ చప్పుడు. తర్వాత అమ్మ.

"ఎక్కుతోందట్రా ఇందులోకి?"

"ఎక్కుతోంది అమ్మమ్మా, చెప్పు."

"కారం సోలెడు, ఆవపిండి సోలెడు. ఉప్పు మాత్రం ముందే అంతా పొయ్యకూడదు. గిద్దెడు పక్కన పెట్టుకోవాలి. మూడో రోజు తిరగేసి కలుపుతాం చూడూ, అప్పుడు రుచి చూసి ఆ మిగిలింది వెయ్యాలి. మీ అమ్మ ఆ మూడో రోజు ఎప్పుడూ ఊరెళ్లిపోతుంది, దానికి తెలీదు. మీ పెద్దమ్మేమో మొదటి రోజు ఉండదు."

ఫోన్లో అక్క చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నే చెప్పలా, సమానం అని?" అంది.

"తగ్గించే వేస్తుందని నేనూ చెప్పాను" అన్నాను.

వసారాలో కత్తి చప్పుడు ఆగింది. "ముక్క ఈ పరిమాణం చాలునా అమ్మా?" అని అడుగుతున్నాడు కాయలతను. మావారు కంప్యూటర్ ముందు కూర్చుని, కళ్లజోడు సర్దుకుంటూ, "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఏమోయ్, ఈ సి డ్రైవ్ ఇంకా ఎర్రగానే ఉందే" అన్నారు.